ఆటోమేటిక్ గేర్‌బాక్స్ స్లిప్ అవుతోందా? ఆయిల్ మార్చాలా, విప్పించాలా, బాక్సే మార్చాలా

యాక్సిలేటర్ తొక్కగానే ఇంజిన్ రొద పెరుగుతుంది. ఆర్‌పీఎం ముల్లు 2000 నుంచి 3500 దాకా ఎగురుతుంది. బండి మాత్రం ఉన్న వేగంలోనే ఉండి, ఒకటి రెండు క్షణాలయ్యాక ఒక్క కుదుపుతో అందుకుంటుంది. గేర్‌బాక్స్ స్లిప్ అవుతోందనడానికి ఇదే మొదటి గుర్తు. ఇక షెడ్డుకి తీసుకెళ్తే తలో మాట వినిపిస్తుంది. ఒకరు ఆయిల్ మారిస్తే సరిపోతుందంటారు, ఇంకొకరు వాల్వ్ బాడీ (ఏ క్లచ్‌కి ఆయిల్ వెళ్లాలో మళ్లించే భాగం) పోయిందంటారు, మరొకరు బాక్స్ మొత్తం దించాల్సిందే అంటారు. ఈ మాటల మధ్య ఖర్చులో ఉన్న తేడా చిన్నది కాదు. మొదటిది మామూలు సర్వీసింగుతో తేలిపోతుంది. చివరిది పాత బండి అయితే దాని విలువలో సగాన్ని కూడా మింగేయగలదు.

అందుకే ధరలు పక్కపక్కన పెట్టుకుని చవకైనది ఎంచుకుందామంటే కుదరదు. స్లిప్ ఎక్కడ పుడుతోందో ముందు తేలాలి. అది తేలాక మిగిలేవి ఒకటో రెండో దారులే, ఎంపిక వాటి మధ్యే. పైగా ఇందులో ఆలస్యం పనికిరాదు. బాక్స్ లోపల గేరుని పట్టి ఉంచే క్లచ్ స్లిప్ అవుతుంటే వేడెక్కుతుంది, ఆ వేడికి ఆయిల్ మాడుతుంది, మాడిన పొడి వెళ్లి వాల్వ్ బాడీలో చేరుతుంది. ఒక సోలనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వు) మారిస్తే తీరిపోయే జబ్బు ఇలా తిరుగుతూ ఉంటే ఓవర్‌హాల్ (బాక్స్ మొత్తం విప్పి బాగుచేయడం) దాకా వెళ్తుంది. గుర్తు కనపడ్డాక బండిని పరీక్ష కోసం మాత్రమే నడపండి. ఎత్తు రోడ్లు, బరువులు, దూర ప్రయాణాలు పూర్తిగా మానేయండి.

మీ బండిలో ఉన్నది ఏ రకం?

రెండు పెడళ్లే ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే రకం ఆటోమేటిక్ కావు. ఈ ఒక్క విషయం తెలియకే చాలామంది అక్కర్లేని ఖర్చుకి తలూపుతారు.

ఏఎంటీ అంటే లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మనకు బదులు ఒక యాక్చుయేటర్ చేస్తుంది. ఇందులో స్లిప్ అంటే దాదాపు ఎప్పుడూ క్లచ్ ప్లేటు అరిగిందనే. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మార్చి, స్కానర్‌తో (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) క్లచ్ లెర్నింగ్, అంటే కొత్త క్లచ్ కొలతలు కంప్యూటర్‌కి నేర్పించడం, చేయిస్తే పని అయిపోతుంది. ఏఎంటీ బండికి గేర్‌బాక్స్ పోయిందని ఎవరైనా చెబితే ఇంకొకరికి చూపించకుండా ఒప్పుకోకండి.

డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. పొడి క్లచ్ రకమైతే ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించినప్పుడల్లా వేడెక్కి అరుగుతుంది. క్లచ్ సెట్టు మార్చి, అడాప్టేషన్ (కొత్త క్లచ్‌లకి తగ్గట్టు కంప్యూటర్‌ని సర్దడం) చేయిస్తే చాలావరకు తీరుతుంది. తడి క్లచ్ రకంలో ఆయిల్‌ని, మెకట్రానిక్ యూనిట్‌ని (వాల్వ్ బాడీ, కంప్యూటర్ కలిసి ఉండే భాగం) కూడా చూడాలి.

సీవీటీ సంగతి వేరు. అందులో గేర్లే ఉండవు. రెండు పుల్లీల మధ్య ఒక స్టీలు బెల్టు గానీ చైను గానీ తిరుగుతుంది. యాక్సిలేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముందు పెరిగి, వేగం నెమ్మదిగా దాన్ని అందుకోవడం సీవీటీకి సహజం. దాన్ని చూసి స్లిప్ అనుకోకూడదు. నిజంగా బెల్టు జారితే వణుకు, గీసుకుంటున్న చప్పుడు, వేడెక్కిందనే హెచ్చరిక ఇవన్నీ తోడవుతాయి. బెల్టు జారి పుల్లీ ముఖం గీతలు పడిందంటే ఆయిల్ ఎంత మార్చినా ఆ గీతలు పోవు. అక్కడ బాక్స్ మార్చడమే ఎక్కువసార్లు మిగిలే దారి. ఇంకో జాగ్రత్త: సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఇతర ఆటోమేటిక్ బాక్సుల ఆయిల్) పోస్తే బెల్టుకి, పుల్లీకి కావలసిన పట్టు దొరకదు, బాక్స్ పాడవుతుంది.

ఇక మిగిలింది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా బాక్స్‌కి అందించే భాగం) ఉన్న అసలు సిసలు ఆటోమేటిక్. ఇకపై చెప్పేదంతా ప్రధానంగా దీని గురించే. చిక్కు ఎక్కువ ఉన్నదీ ఇక్కడే.

స్లిప్ కానివి కూడా ఉన్నాయి

గట్టిగా తొక్కినప్పుడు బాక్స్ కింది గేరుకి దిగి ఆర్‌పీఎం పెరిగితే, దాంతోపాటే బండి కూడా ఊపందుకుంటే అది కిక్‌డౌన్, లోపం కాదు. ఆర్‌పీఎం కూడా పెరక్కుండా బండి లాగకపోతే అది పికప్ సమస్య, ఇంజిన్ వైపు చూడాలి. ఒకే గేరులో ఇరుక్కుని బండి బరువుగా కదులుతుంటే అది లింప్ మోడ్ కావచ్చు. ఏదో సెన్సరు తప్పు చెప్పడంతో కంప్యూటర్ బాక్స్‌ని కాపాడుకుంటోందన్నమాట.

ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడితే వచ్చే వణుకుని చూసి టార్క్ కన్వర్టర్ పోయిందనుకునేవాళ్లు చాలామందే. రెంటినీ విడదీయడానికి ఒక తేలిక మార్గం ఉంది. గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలేటర్ కొద్దిగా మాత్రమే తొక్కి పోతున్నప్పుడు వణుకు వస్తే, ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రం తాకండి. అలా తాకగానే చాలా బండ్లలో కన్వర్టర్ లోపల ఇంజిన్‌నీ బాక్స్‌నీ నేరుగా కలిపి పట్టే లాకప్ క్లచ్ విడిపోతుంది. వణుకు ఆ క్షణమే ఆగితే అనుమానం లాకప్ మీద. ఆగకపోతే ముందు ఇంజిన్‌లో మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) ఉందేమో చూడాలి. ఈ పరీక్ష వెనక ఏ బండీ లేని ఖాళీ రోడ్డు మీదే చేయాలి.

ఆయిల్ ఏం చెబుతోంది

ఆటోమేటిక్ బాక్స్‌లో ఆయిల్ అంటే ఒట్టి లూబ్రికెంట్ కాదు. క్లచ్‌ల్ని నొక్కి పట్టేది ఆ ఆయిల్ ప్రెషరే. లెవెల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, క్లచ్ జారుతుంది. మలుపులోనో ఎత్తు ఎక్కేటప్పుడో మాత్రమే జారుతోందంటే మొదట లెవెల్‌నే అనుమానించాలి. ఎక్కువ పోసినా చిక్కే. తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగకి ప్రెషర్ నిలవదు.

లెవెల్ చూసే పద్ధతి బండిని బట్టి మారుతుంది. డిప్‌స్టిక్ ఉన్న చాలా బండ్లలో సమంగా ఉన్న నేల మీద, ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. హోండా బండ్లలో చాలావాటికి ఇంజిన్ ఆపిన వెంటనే, ఒకటిన్నర నిమిషం లోపే చూడాలి. కొత్త తరం బండ్లలో డిప్‌స్టిక్కే ఉండదు. బండిని సమంగా పైకెత్తి, ఆయిల్ వేడిని స్కానర్‌లో చూస్తూ, కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర ప్లగ్ విప్పి చూడాలి. చాలా బాక్సులకి అది 35 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంటుంది. స్కానర్ పెట్టకుండా ప్లగ్ విప్పి వేలు పెట్టి చూసి "లెవెల్ బాగానే ఉంది సార్" అంటే అక్కడితో నమ్మేయకండి.

తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేసి చూడండి. ఎరుపు గానీ లేత గోధుమ గానీ అయితే ఆందోళన లేదు. కొన్ని కంపెనీల ఆయిల్ మొదటి నుంచీ ఎరుపు కాదు కాబట్టి రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. వాసన ఇంకా నమ్మకమైనది. ఘాటైన మాడు వాసన, నల్లటి రంగు, చుక్క మధ్యలో సన్నటి నల్ల పొడి, ఈ మూడూ కలిసి ఉంటే క్లచ్ ప్లేట్ల పైపూత కాలిపోయిందనే అర్థం. గులాబీ రంగులో పాల నురగలా ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ కలిసింది. ఇది చూస్తే ఇంజిన్ అక్కడే ఆపి బండిని వేరే వాహనం మీద ఎక్కించుకుని పోవాలి, నడుపుకుంటూ కాదు. క్లచ్ ప్లేట్ల పైపూతని స్టీలుకి అతికించిన జిగురుని ఆ నీళ్లు ఊడదీస్తాయి. వెంటనే ఆపి, కూలర్ మార్చి, పలుసార్లు ఆయిల్ మారిస్తే కొన్నిసార్లు బాక్స్ దక్కుతుంది. అలాగే కొన్ని రోజులు తిరిగితే ఓవర్‌హాల్ తప్పదు.

అసలు సాక్ష్యం బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే ప్యాన్‌లో ఉంటుంది. ప్యాన్ విప్పినప్పుడు దగ్గరుండి చూడండి, పనివాళ్లు కాదనరు. అడుగున చిన్న అయస్కాంతాలు అతికి ఉంటాయి. వాటి మీద కాటుకలా మెత్తగా, బూడిద రంగులో పేరుకున్న పొర మామూలు అరుగుదలే, భయపడక్కర్లేదు. దాన్ని రెండు వేళ్ల మధ్య రుద్దండి. గరగరలాడినా, మెరిసే రేకులు తగిలినా గేర్లు గానీ బేరింగులు గానీ అరిగిపోతున్నాయి. ఇత్తడి రంగు పొట్టు కనిపిస్తే బుష్‌లు అరుగుతున్నాయి. ప్యాన్ అడుగున అయస్కాంతానికి అంటని నల్లటి రజను మందంగా పేరుకుంటే అది క్లచ్ ప్లేట్ల పైపూత. ఆ ప్యాన్‌ని తుడవకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రెండో అభిప్రాయం కోసం ఇంకో షెడ్డుకి వెళ్లాల్సివస్తే వంద మాటలు చెప్పేదానికన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఎప్పుడు, ఏ గేరులో, ఎక్కడ

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు మీరే రాసిపెట్టుకోవాల్సిన సమాచారం ఇది. ఒక్కో గేరులో కొన్ని క్లచ్‌లే పని చేస్తాయి. ఉదాహరణకి జడ్ఎఫ్ కంపెనీ 8 హెచ్‌పీ బాక్స్‌లో క్లచ్‌లు, బ్రేకులు కలిపి మొత్తం ఐదు. ఏ గేరులోనైనా వాటిలో మూడు పట్టుకుని ఉంటాయి, రెండు విడిచి ఉంటాయి. ఏ గేర్లలో జారుతోంది, ఏ గేర్లలో జారడం లేదు అన్నది తెలిస్తే, ఆ బాక్స్ క్లచ్ చార్టుతో పోల్చి ఏ క్లచ్ దోషో బాక్స్ విప్పకుండానే చెప్పొచ్చు. ముందుకు పోయే గేర్లన్నిటిలో జారుతూ రివర్స్ మాత్రం గట్టిగా ఉంటే ఒక కథ. రివర్స్‌తో సహా అన్నిటిలో జారితే పంపు, ఫిల్టరు, ప్రెషర్ వైపు చూపించే ఇంకో కథ. రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు మాత్రమే ఆర్‌పీఎం ఎగిసి, మారాక సర్దుకుంటే అది మరీ వేరు. ఈ చార్టు అడిగితే తీసి చూపించగలిగిన మెకానిక్ మీద నాకు గురి ఎక్కువ.

వేడి కూడా చెబుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు డి లో వేస్తే రెండు మూడు క్షణాలకి గానీ అందుకోదు, వేడెక్కాక బాగుంటుంది అంటే లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయని అనుమానం. దానికి భిన్నంగా చల్లగా ఉన్నప్పుడు బాగుండి, అరగంట నడిచాక జారితే, వేడికి పల్చబడ్డ ఆయిల్ అరిగిన సందుల్లోంచి కారిపోతోంది. వాల్వ్ బాడీ, పంపు, షాఫ్ట్ మీది సీల్ రింగులు అనుమానితులు.

ఇక స్కానర్. పీ0700 కోడ్ ఒక్కటే చూపించి బాక్స్ పోయిందంటే ఒప్పుకోకండి. బాక్స్ కంప్యూటర్లో ఏదో కోడ్ ఉంది, అక్కడ చూడు అని చెప్పడం తప్ప దానికి వేరే అర్థం లేదు. పీ0731 నుంచి పీ0735 దాకా ఒకటి నుంచి ఐదు గేర్లలో నిష్పత్తి తప్పిందని చెబుతాయి, అసలైన స్లిప్ కోడ్‌లు ఇవే. పీ0741 లాకప్ క్లచ్‌ది. పీ0750 నుంచి మొదలయ్యేవి షిఫ్ట్ సోలనాయిడ్లవి. పీ0715 లోపలికొచ్చే షాఫ్ట్ వేగం కొలిచే సెన్సరుది. సెన్సరు తప్పు చెప్పినా బాక్స్ జారినట్టే కంప్యూటర్‌కి కనిపిస్తుంది, అది మర్చిపోకూడదు.

కోడ్‌ల కన్నా లైవ్ డేటా విలువైనది. మూడు అంకెలు చూడాలి: ఇంజిన్ వేగం, టర్బైన్ వేగం (కన్వర్టర్ నుంచి బాక్స్ లోపలికొచ్చే షాఫ్ట్‌ది), బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ వేగం. నిష్పత్తి సరిగ్గా ఒకటికి ఒకటి ఉన్న గేరులో పోతున్నారనుకుందాం. బయటి షాఫ్ట్ 2000 తిరుగుతుంటే టర్బైన్ కూడా 2000 తిరగాలి. టర్బైన్ 2300 చూపిస్తే ఆ 300 క్లచ్ ప్లేట్ల మధ్య జారిపోతోంది, బాక్స్ లోపలి జబ్బు. టర్బైన్ 2000 దగ్గరే ఉండి, లాకప్ పట్టుకోమని కంప్యూటర్ ఆదేశించాక కూడా ఇంజిన్ 2300 తిరుగుతుంటే జారుతున్నది టార్క్ కన్వర్టర్‌లోనో, దాన్ని నడిపే సోలనాయిడ్ దగ్గరో. కొన్ని బండ్లు లాకప్‌లో కావాలనే కొద్దిపాటి జారుడు ఉంచుతాయి కాబట్టి ఇరవై ముప్పై తేడాని లెక్కపెట్టక్కర్లేదు. ఈ పది నిమిషాల పరీక్ష చేయకుండా ఎవరూ బాక్స్ దించమని చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్రెషర్ గేజ్ పెట్టి చూసే పరీక్ష కూడా చేయించండి, పోర్టు ఉన్న ప్రతి బాక్స్‌కీ. స్టాల్ టెస్ట్ మాత్రం మీరు సొంతంగా చేయొద్దు. బ్రేకు మీద నిలబెట్టి పూర్తిగా రేస్ చేసే ఆ పరీక్ష ఐదు క్షణాలు దాటితేనే ఆయిల్ మాడిపోతుంది, పక్కన మనుషులుంటే ప్రాణాపాయం.

ఆయిల్ మార్పు: ఎవరికి పనిచేస్తుంది

లీకేజీ వల్ల లెవెల్ తగ్గి, ఆయిల్ ఇంకా మాడకపోతే లీకు సరిచేసి ఆయిల్ నింపడమే పూర్తి వైద్యం. ఎవరో వేరే రకం ఆయిల్ పోసి ఉంటే మార్చడం వల్ల గుణం కనిపిస్తుంది. లాకప్ వణుకు మాత్రమే ఉండి, ఆయిల్ పాతబడినా మాడు వాసన లేకపోతే, సరైన కొత్త ఆయిల్‌తో తగ్గిన బండ్లు చాలానే ఉన్నాయి. ఈ మూడు సందర్భాల్లో ఇదే మొదటి ఎంపిక.

మాడు వాసన వస్తూ, ఫలానా గేరులో జారుతూ, ప్యాన్‌లో నల్ల రజను ఉంటే ఆయిల్ మీద డబ్బు పెట్టకండి. కాలిపోయిన పైపూతని ఏ ఆయిలూ తిరిగి మొలిపించలేదు. "ఆయిల్ మార్పించాకే బాక్స్ పోయింది" అనే మాట తరచూ వినిపిస్తుంది. జరిగేది ఏమిటంటే, చాలామంది జారడం మొదలయ్యాకే ఆయిల్ మార్పిస్తారు. అప్పటికే పోయిన క్లచ్ నెల తర్వాత పూర్తిగా పోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది.

మిషన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేయించాలా, డ్రెయిన్ చేసి నింపాలా అంటే, జారుతున్న బాక్స్‌కి నా ఓటు డ్రెయిన్‌కే. కన్వర్టర్‌లోనూ కూలర్‌లోనూ ఉన్న ఆయిల్ కిందికి దిగదు కాబట్టి ఒకసారి డ్రెయిన్ చేస్తే మొత్తంలో మూడో వంతు నుంచి సగం దాకానే మారుతుంది. 40 శాతం చొప్పున అనుకుంటే మొదటిసారికి 40, రెండోసారికి 64, మూడోసారికి 78 శాతం కొత్త ఆయిల్ అవుతుంది. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి చూస్తే తేడా ఉందో లేదో కూడా తెలుస్తుంది, లేకపోతే అక్కడితో ఆపేయొచ్చు. ఆయిల్ మాత్రం బండి మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్‌దే కావాలి. అన్ని బండ్లకీ సరిపోతుందని సీసా మీద రాసినదాన్ని నేను సిఫారసు చేయను.

స్లిప్ ఆపుతామని అమ్మే సీసా మందులు గట్టిపడ్డ సీళ్లని కొన్నాళ్లు మెత్తబరుస్తాయేమో గానీ రిపేరు కావు. అమ్మేముందు జబ్బు దాచడానికి పోసేవాళ్లూ ఉన్నారు. పాత బండి కొనేటప్పుడు గుర్తుంచుకోండి.

వాల్వ్ బాడీ, సోలనాయిడ్లు: బాక్స్ దించకుండా అయ్యే పని

ఆయిల్ శుభ్రంగా ఉంది, ప్యాన్‌లో రజను లేదు, ఒకటే మార్పు దగ్గర ఆర్‌పీఎం ఎగురుతోంది లేదా వేడెక్కాకే జారుతోంది, స్కానర్ సోలనాయిడ్‌నో ప్రెషర్‌నో చూపిస్తోంది. ఈ లక్షణాలు కలిసొస్తే వాల్వ్ బాడీ పనే సరైన ఎంపిక. చాలా బాక్సులకి ప్యాన్ విప్పి కిందినుంచే చేయొచ్చు కాబట్టి కూలి కూడా తక్కువ.

వాల్వ్ బాడీ కన్నా ముందు కనెక్టర్లు, వైరింగు, ఎర్తు, బ్యాటరీ చూడమనండి. ఆ తర్వాత చిన్న రబ్బరు భాగాలు. జడ్ఎఫ్ 6 హెచ్‌పీ బాక్సుల్లో వాల్వ్ బాడీకి, బాక్స్ బాడీకి మధ్య ఉండే సీల్ అడాప్టరు, గొట్టపు సీళ్లు గట్టిపడి ప్రెషర్ కారడం బాగా తెలిసిన సమస్య. ఆ చిన్న సీళ్లు మారిస్తే తీరేదానికి మొత్తం మెకట్రానిక్ మార్చడం అన్యాయం.

ఒక సోలనాయిడ్ మారిస్తే చాలా, మొత్తం వాల్వ్ బాడీ మార్చాలా? కోడ్ ఒక్క సోలనాయిడ్‌నే చూపించి, దాని రెసిస్టెన్స్ తప్పుగా వస్తే అదొక్కటే మార్చండి. అల్యూమినియం బోర్లు అరిగితే మాత్రం సోలనాయిడ్ వల్ల ఒరిగేది లేదు. లోపల వాల్వు ముందుకీ వెనక్కీ ఆడీ ఆడీ బోరు వదులవుతుంది, అందులోంచి ప్రెషర్ కారుతుంది. అప్పుడు రీకండిషన్ చేసి పరీక్షించిన వాల్వ్ బాడీ తీసుకోవడం మేలు. కొన్ని బాక్సుల్లో కొత్త సోలనాయిడ్ల కొలతల డేటాని కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ సదుపాయం షెడ్డులో ఉందో లేదో ముందే అడగండి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. బోరు అరిగి ప్రెషర్ తగ్గితే ఆ ప్రెషర్ అందుకునే క్లచ్ మెల్లగా కాలుతుంది. క్లచ్ కాలిపోయాక వాల్వ్ బాడీ ఒక్కటి మార్చినా జారుడు పోదు. అలాగని క్లచ్ ప్లేట్లు ఒక్కటి మార్చి వాల్వ్ బాడీని వదిలేస్తే, కొత్త ప్లేట్లు కూడా అదే దారిన పోతాయి. కారణం, ఫలితం రెండూ చూడని రిపేరు ఏదైనా మళ్లీ మొదటికే తెస్తుంది.

బాక్స్ దించాల్సిందే అని తేలితే

ఇక్కడ మూడు దారులు. మీ బాక్స్‌నే విప్పి ఓవర్‌హాల్ చేయించడం, కంపెనీ పద్ధతిలో రీమాన్యుఫాక్చర్ చేసిన బాక్స్ ఎక్స్‌ఛేంజిలో తీసుకోవడం, సెకండ్ హ్యాండ్ బాక్స్ వేయించడం.

ఓవర్‌హాల్ నాణ్యత పూర్తిగా చేసే మనిషి చేతిలో ఉంది. ఆ ఫలానా మోడల్ బాక్సులు తరచూ విప్పే మనిషి దొరికితే నా మొదటి ఎంపిక ఇదే. ఎందుకంటే మీ బాక్స్ ఎందుకు పోయిందో విప్పిన చోటే కనిపిస్తుంది, ఆ కారణాన్ని కూడా సరిచేయొచ్చు. కాలిన ప్లేట్లు నల్లబడి, అక్కడక్కడా పైపూత లేచి ఉంటాయి. వాటి మధ్య ఉండే నునుపు స్టీలు ప్లేట్ల మీద వేడికి నీలం మచ్చలు పడతాయి. ఆ స్టీలు ప్లేట్లనే మళ్లీ వాడి, కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు మాత్రం వేస్తామంటే వద్దనండి.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి: టార్క్ కన్వర్టర్ మారుస్తారా, కోసి రీబిల్డ్ చేసినది వేస్తారా? పాతదే కడిగి వేస్తామంటే దాని లోపల ఉన్న రజను కొత్త బాక్స్‌లోకి వస్తుంది. ప్రతి క్లచ్ పాక్ సందుని ఫీలర్ గేజ్‌తో కొలుస్తారా? మూత వేసేముందు ఒక్కో క్లచ్ దారిలోకి గాలి కొట్టి, అది ధడ్‌మని పట్టుకుంటోందో చూస్తారా? వాల్వ్ బాడీని పరీక్షిస్తారా? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే షెడ్డుకి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. విడిభాగాల కోసం ఆగాల్సి రావచ్చు కాబట్టి బండి కొన్ని వారాలు అక్కడే ఉంటుందని మనసులో పెట్టుకోండి.

రీమాన్యుఫాక్చర్డ్ బాక్స్‌లో ఉన్న గొప్ప సుఖం వారంటీ, వేగం. పరీక్షించి పంపుతారు, ఆ మోడల్‌కి తెలిసిన లోపాలకి సవరించిన భాగాలు వేసి ఉంటాయి. బండి ఒకటి రెండు రోజుల్లో బయటికొస్తుంది. ధర మాత్రం సాధారణంగా ఈ మూడింట్లోకీ ఎక్కువ. మీ పాత బాక్స్ వాళ్లకి తిరిగివ్వాలి. అది పగిలిపోయి ఉంటే డిపాజిట్ వెనక్కి రాకపోవచ్చు. వారంటీ కాగితంలో కూలి కూడా కలిసుందా, బాక్స్ మాత్రమేనా అన్నది చదవండి. బాక్స్ మళ్లీ దించి ఎక్కించే కూలి చిన్నదేం కాదు. నమ్మకమైన ఓవర్‌హాల్ మనిషి అందుబాటులో లేనివాళ్లకి, బండితోనే బతుకుతెరువు ఉన్నవాళ్లకి ఇదే సరైనది.

సెకండ్ హ్యాండ్ బాక్స్ చవకగా కనిపిస్తుంది. అది ఎలాంటి బండిలోంచి వచ్చిందో, ఎంత తిరిగిందో కాగితంతో చూపించగలిగితే, మీ బండి ఇంకో రెండు మూడేళ్లు నడిస్తే చాలనుకుంటే, ఆలోచించొచ్చు. లేకపోతే నేను వద్దంటాను. అది కూడా జారితే కూలి రెండోసారి కట్టుకోవాలి. తీసుకుంటే మాత్రం బాక్స్ మీది కోడ్ మీ బాక్స్ కోడ్‌తో అక్షరం తప్పకుండా సరిపోవాలి. ఒకే మోడల్ బండ్లలో కూడా ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి వేరుగా ఉండొచ్చు. ఎక్కించక ముందు, నేల మీద ఉన్నప్పుడే ప్యాన్ విప్పి అయస్కాంతాలు చూడండి, ఫిల్టరు, ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించండి. సీవీటీ అయితే సెకండ్ హ్యాండ్ వైపు అసలే పోకండి, పుల్లీ ముఖం బయటినుంచి కనపడదు.

మూడు దారులకీ తప్పనివి రెండున్నాయి. ఒకటి, కూలర్. పాత బాక్స్ రజను కూలర్‌లో, గొట్టాల్లో చేరి ఉంటుంది. కడిగించాలి, సన్న దారుల కూలరైతే మార్చేయాలి. చాలా వారంటీలు ఈ పని చేసిన రుజువు అడుగుతాయి. రెండు, బిగింపు. టార్క్ కన్వర్టర్‌ని బాక్స్‌లోకి తోస్తూ తిప్పుతుంటే అంచెలంచెలుగా లోపలికి దిగుతుంది. చివరి అంచె పంపుని పట్టుకోవడం. అక్కడిదాకా దిగకుండానే బాక్స్‌ని ఇంజిన్‌కి తగిలించి బోల్టులతో లాగితే, ఎంత కొత్త బాక్సైనా ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పంపు పగులుతుంది. అంచుకి అడ్డంగా స్కేలు పెట్టి లోతు కొలిచి చూసే మెకానిక్ పని తెలిసినవాడు.

బండినే వదిలేయాలా?

రిపేరు ఖర్చుని బండి అమ్మకం ధరతో పోల్చడం అందరూ చేసేదే. నేను ఇంకోలా చూడమంటాను. ఇంజిన్, బాడీ, సస్పెన్షన్ బాగున్న, చరిత్ర తెలిసిన మీ బండికి బాక్స్ వేయిస్తే ఎంతవుతుంది? అదే డబ్బుకి ఇంకొంత కలిపి కొనే, చరిత్ర తెలియని వేరే పాత బండిలో ఏ జబ్బులుంటాయి? ఈ లెక్కలో చాలాసార్లు రిపేరే గెలుస్తుంది. ఇంజిన్ ఆయిల్ తాగుతూ, బాడీ తుప్పు పట్టి, ఇంకో పెద్ద ఖర్చు వాకిట్లో ఉంటే మాత్రం బాక్స్ మీద పెట్టకండి. జారుతున్న సంగతి చెప్పి, ఆ మేరకు తగ్గించి అమ్మేయండి. చెప్పకుండా అమ్మితే ఎత్తు రోడ్డు మీద చిక్కుకునేది ఇంకో కుటుంబం.

బాగుచేయించాలనే నిర్ణయించుకుంటే, బండి తీసుకునే రోజు అడాప్టేషన్ రీసెట్ చేశారా అని అడగండి. పాత అరిగిన క్లచ్‌లకి తగ్గట్టు కంప్యూటర్ నేర్చుకున్న కొలతలు చెరపకపోతే కొత్త బాక్స్ కుదుపులతో నడుస్తుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిదానంగా, గేర్లన్నీ మారేలా నడపండి. ఆయిల్ జీవితకాలం ఉంటుందని కొన్ని కంపెనీలు రాసినా, బాక్సులు తయారు చేసే జడ్ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి, లేదా 8 ఏళ్లకి మార్చమంటుంది. బరువులు లాగే బండి, కొండ దారుల్లో తిరిగే బండి అయితే అంతకన్నా ముందే మార్చండి, విడిగా ఒక కూలర్ కూడా పెట్టించండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బండిని పైకెత్తించి, ఇంజిన్‌కీ బాక్స్‌కీ మధ్య బెల్ హౌసింగ్ అడుగు భాగాన్ని వేలితో తాకి చూడండి. అక్కడ తడిగా ఉంటే అది ముందు సీలు కారడమే కావచ్చు. ఏ ఆయిలో తేల్చుకుని, వారంటీ కాగితం చేతిలో ఉండగానే ఆ సీలు మార్పించుకోవాలి.